పెళ్లిరోజు ప్రయాణాల్లో కారు ఫ్రిజ్: కొన్నేళ్లు వాడాక నా మాట

మా పెళ్లి నడివేసవి ముహూర్తం. పిల్లలకు సెలవులూ అప్పుడే, మా ఇద్దరికీ ఆఫీసులో నాలుగు రోజులు వరసగా దొరికేదీ అప్పుడే. దాంతో పెళ్లిరోజు చాలాసార్లు ఏదో ఒక హైవే మీదే గడిచిపోతోంది. ఈ ప్రయాణాల కోసమే కొన్నేళ్ల కిందట 18 లీటర్ల కారు ఫ్రిజ్ కొన్నాం. కన్యాకుమారికీ గోకర్ణానికీ తీసుకెళ్లాం, కిందటి వేసవిలో కాశీ దాకా మోసుకెళ్లాం. చుట్టాల్లో, ఆఫీసులో చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఒకేసారి రాసి పెడుతున్నాను.

ముందు రకం సంగతి. నాలుగైదు వేలకు వచ్చేవాటిలో కంప్రెసర్ ఉండదు. బయటి వేడి కంటే ఓ 20 డిగ్రీలు తగ్గించగలవు, అంతే. మేలో ఆదిలాబాద్ దాటి విదర్భలోకి అడుగుపెట్టారంటే ఎండ 44, 45 డిగ్రీలు. అందులోంచి 20 తీసేస్తే మిగిలేది పెరుగు చక్కగా పులిసిపోయే వేడి. పైగా అవి ఆగకుండా కరెంటు లాగుతూనే ఉంటాయి. కంప్రెసర్ ఉన్నది ఖరీదెక్కువే, మాది పదిహేను వేలకు అటూ ఇటూ పడింది. కానీ 4 డిగ్రీలు పెడితే 4కి దిగుతుంది, దిగాక కాసేపు ఆగి మళ్లీ మొదలెడుతుంది. వేసవిలో వాడేటట్టయితే కంప్రెసర్‌దే కొనండి, లేదంటే మామూలు ఐసు డబ్బాతో సరిపెట్టుకోండి. మధ్యరకం దండగ.

కాశీ ప్రయాణంలో పెళ్లిరోజు రెండో రోజున పడింది. రాత్రి నాగపూర్‌లో పడుకుని పొద్దున్నే బయల్దేరాం. పెంచ్ అడవి దగ్గర 44వ నంబరు జాతీయ రహదారిని జంతువులు కిందనుంచి దాటేలా ఎత్తుగా కట్టారు. వాహనాల చప్పుడూ వెలుతురూ అడవిలోకి పోకుండా రెండు పక్కలా గోడలు ఉంటాయి. అక్కడ ఆగేది లేదు. సివనీ దాటాక ఒక పెట్రోలు బంకులో వేపచెట్టు నీడ దొరికితే అక్కడే కేకు కోశాం.

కేకు గురించి ఒక మాట. అరకిలో కేకు అట్టపెట్టె ఈ సైజు ఫ్రిజ్‌లో పట్టదు. ఇవి లోతుగా ఉంటాయి గానీ వెడల్పు తక్కువ. అందుకని బేకరీవాళ్లకే గుండ్రటి స్టీలు డబ్బా ఇచ్చి, అందులో పెట్టి ఇమ్మన్నాను. దాదాపు 600 కిలోమీటర్లు వచ్చాక తీస్తే క్రీము కరగలేదు, కానీ పైన రాయించిన మా పేర్లలో సగం మూతకి అంటుకుపోయాయి. మూత నాకడానికి పిల్లలు కొట్టుకున్నారు. టమాటాలు కోసే చాకుతోనే కోశాం. బంకులో పనిచేసే కుర్రాడికి ముక్క పెడితే చల్లగా ఉండటం చూసి, డిక్కీలోకి తొంగిచూసి మరీ వెళ్లాడు.

అదే టైముకి అత్తయ్య వీడియో కాల్. "పెళ్లిరోజు పూట పెట్రోలు బంకులో ఏంటమ్మా, గుడికైనా వెళ్లారా?"

"కాశీకే వెళ్తున్నాం అత్తయ్యా" అన్నాను. ఆవిడ దగ్గర ఇంక మాట లేదు.

నా మట్టుకు నాకు ఈ ఫ్రిజ్ వల్ల అసలు లాభం ఇదే. ఇంతకుముందు పెళ్లిరోజంటే చీకటి పడేలోగా ఫలానా ఊరు చేరాలి, మంచి హోటల్ వెతకాలి, టేబుల్ దొరకాలి అని మావారికి టెన్షన్, ఆయన స్పీడు చూసి నాకు టెన్షన్. ఇప్పుడు విందు మా వెంటే వస్తోంది కాబట్టి ఎక్కడ బాగుంటే అక్కడ ఆగుతున్నాం.

పెరుగన్నం చేసేటప్పుడు కాచి చల్లార్చిన పాలు ఎక్కువ పోసి, పెరుగు ఒక్క చెంచా వేయండి. 4 డిగ్రీల్లో మర్నాటి రాత్రికి కూడా కమ్మగా ఉంటుంది. పులిహోరకి ఫ్రిజ్ అక్కర్లేదు, పెడితే బిరుసెక్కుతుంది. పూతరేకులు మాత్రం పొరపాటున కూడా పెట్టొద్దు, చెమ్మకి మెత్తబడి పొరలన్నీ ముద్దవుతాయి. మామయ్యగారు వెంట వచ్చినప్పుడు ఆయన ఇన్సులిన్ ఇందులోనే పెట్టాం. అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే ఇక పనికిరాదు. కాబట్టి గోడకి తగలకుండా తువ్వాలులో చుట్టి పైభాగాన పెట్టాలి.

మల్లెమొగ్గలకీ ఇదే సూత్రం. చల్లదనం పుట్టేది గోడల్లోనే కాబట్టి, గోడకి ఆనుకున్న మొగ్గలు గడ్డకట్టి, బయటికి తీశాక నల్లబడిపోతాయి. హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూలమార్కెట్‌లో కొన్న మొగ్గల్ని తడి పలచటి గుడ్డలో చుట్టి, చిన్న డబ్బాలో పెట్టి అన్నిటికంటే పైన ఉంచుతాను. ఆ సాయంత్రం జబల్‌పూర్ దగ్గర భేడాఘాట్‌లో నర్మద ఒడ్డున కూర్చుని మాల కట్టుకుంటే అప్పుడే విచ్చుకోవడం మొదలెట్టాయి. ధువాంధార్ జలపాతం తుంపరలో తడిసి ఉన్నామేమో, మావారు కూడా నాలుగు మొగ్గలు జేబులో వేసుకున్నారు. ఫొటోకి మాత్రం ఒప్పుకోలేదు.

ఇక విసిగించేవి. అన్నిటికంటే పెద్ద తలనొప్పి ప్లగ్గు. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే ఈ రకం ప్లగ్గు గతుకులకీ స్పీడ్ బ్రేకర్లకీ మెల్లగా జారి బయటికొస్తుంది. డిక్కీలో సాకెట్ ఉంటే ముందు కూర్చున్నవాళ్లకి ఆ సంగతి తెలియదు. గంటకోసారి పిల్లల్ని వెనక్కి తిరిగి లైటు వెలుగుతోందో లేదో చూడమంటాం. వదులుగా ఉన్నప్పుడు ప్లగ్గు వేడెక్కుతుంది కూడా, అది మంచిది కాదు.

రెండోది బ్యాటరీ. ఇది 12 వోల్టుల మీద 45 నుంచి 60 వాట్లు తీసుకుంటుంది. ఇంజను నడుస్తుంటే ఏ ఇబ్బందీ లేదు. రాత్రంతా ఇంజను ఆపి వదిలేస్తే పొద్దున సెల్ఫ్ కొట్టకపోవచ్చు. వోల్టేజి పడిపోతే తనంతట తనే ఆగే ఏర్పాటు మూడు స్థాయిల్లో ఉంది, దాన్ని ఎప్పుడూ పై స్థాయిలోనే ఉంచండి. మా పద్ధతి వేరు: రాత్రి గదిలోకి తీసుకెళ్లి ఇంటి కరెంటుకి పెట్టేస్తాం. ఖాళీదే పది కిలోల పైమాట, సామానుతో మెట్లెక్కించడం మావారి పని, మెట్టుకో విసుగు. గదిలో సన్నగా గుర్రుమంటుంది, నిద్ర పలచన అయినవాళ్లు బాత్రూమ్ పక్కన పెట్టుకోవాలి.

పక్కనున్న జాలీలకి గాలి ఆడాలి. బ్యాగులు ఆనించి సర్దితే ఎంతసేపు నడిచినా చల్లబడదు. బయల్దేరే ముందు రాత్రే ఇంట్లో ఆన్ చేసి, గడ్డకట్టిన నీళ్ల సీసాలు రెండు అడుగున పెడితే మర్నాడు దాని పని సగం తగ్గుతుంది.

మూత క్లిప్పు రెండో వేసవికే విరిగింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే విడి భాగం లేదు, మూత మొత్తం మార్చాలన్నారు. బ్యాగులకి కట్టే ఎలాస్టిక్ పట్టీతో ఇప్పటికీ బండి లాగిస్తున్నాం. కంప్రెసర్ మాత్రం ఇంతవరకు ఒక్కసారీ మొరాయించలేదు.

ఏడాదికొకసారి అరకు వెళ్లొచ్చేవాళ్లకి ఇది అనవసరం, ఆ డబ్బుతో మంచి రిసార్టులో ఒక రాత్రి ఉండొచ్చు. రోజుకి నాలుగైదు వందల కిలోమీటర్లు, వరసగా రెండు మూడు రోజులు తిరిగేవాళ్లయితే కొనండి. కొన్న వారంలోనే ఎలక్ట్రీషియన్ దగ్గరికెళ్లి బ్యాటరీ నుంచి నేరుగా, ఫ్యూజు పెట్టి, విడిగా ఒక వైరు లాగించుకోండి. మేము ఈసారి మే వచ్చేలోగా ఆ పని చేయించాలనుకుంటున్నాం.