పోర్టేజీ కిందే చేప: లేక్ వన్ నుంచి ఇన్సులా దాకా అయిదు రోజులు

బౌండరీ వాటర్స్ వెళ్దామని మా బావగారు మూడేళ్లుగా అంటున్నారు. మినియాపొలిస్‌లో ఉంటూ అక్కడికి వెళ్లకపోవడం రాజమండ్రిలో ఉంటూ పాపికొండలు చూడకపోవడం లాంటిదట. ఆయనది కోనసీమ, చిన్నప్పుడు కాలవగట్టు మీద వెదురుకర్రకి గాలం కట్టి కొరమీను పట్టిన మనిషి, అమెరికా వచ్చి ఇరవై ఏళ్లయినా ఆ పిచ్చి తగ్గలేదు. చివరికి జూన్ రెండో వారంలో కుదిరింది. నేను, బావగారు, ఆయన కొడుకు (పదిహేనేళ్లు), మా ఆఫీసు స్నేహితుడొకడు, రెండు కానోలు (తెడ్లతో నడిపే సన్నపాటి పడవలు), అయిదు రోజులు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మిన్నెసోటా ఉత్తరం కొసన, కెనడా సరిహద్దుకి ఆనుకుని పది లక్షల ఎకరాలకు పైగా ఉన్న అడవి ఇది, అందులో వెయ్యికి పైగా చెరువులు. మనం చెరువు అంటే సరిపోదు, కొన్నిటికి అవతలి గట్టు కనపడదు. 1978 చట్టంతో కొన్ని చెరువుల్లో తప్ప మోటారు పడవలు తీసేశారు. ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి వెళ్లాలంటే కానోని బోర్లించి భుజాల మీద పెట్టుకుని, సామానంతా వీపున వేసుకుని అడవిదారిలో నడవాలి. దాన్నే పోర్టేజీ అంటారు. దాని పొడవుని ఇక్కడ మైళ్లలోనో అడుగుల్లోనో చెప్పరు, రాడ్లలో చెప్తారు. ఒక రాడ్ అంటే పదహారున్నర అడుగులు, అటూ ఇటూగా ఒక కానో పొడవు. 320 రాడ్లు కలిస్తే ఒక మైలు.

దారి ఎంచుకోవడం దగ్గరే మా ఇంట్లో పెద్ద గొడవ. బావగారికి బాస్‌వుడ్ చెరువు కావాలి. ఎందుకంటే మిన్నెసోటా రికార్డు నార్తర్న్ పైక్ చేప అక్కడే పడింది, 1929లో, 45 పౌండ్ల 12 ఔన్సులు. "తొంభై ఏళ్ల కిందటి చేప మన కోసం ఇంకా కూర్చుని ఉంటుందా బావా" అని నేను. పైగా అది పెద్ద చెరువు, గాలి లేచిందంటే మా బోటి కొత్తవాళ్లు ఒడ్డున కూర్చుని అలలు లెక్కపెట్టుకోవాల్సిందే. కొంత భాగంలో మోటార్లు కూడా తిరుగుతాయి. మూజ్ లేక్ వైపు నుంచి వెళ్తే డబ్బు తీసుకుని మోటారు బోటులో కెనడా సరిహద్దు దాకా దింపేవాళ్లున్నారు, సమయం తక్కువ ఉన్నవాళ్లకి అది మంచిదే, కానీ మోటారు చప్పుడు వినడానికైతే నాలుగు గంటలు కారు నడపడం దేనికి?

మా స్నేహితుడు మడ్రో చెరువు వైపు మొగ్గాడు, గుండ్రంగా తిరిగి వచ్చే దారి ఉంటుందని. మ్యాపు చూస్తే అక్కడి నుంచి ఫోర్‌టౌన్ చెరువుకి వెళ్లేదారిలో 140 రాడ్ల పోర్టేజీ ఒకటుంది, అది కూడా రాళ్లూ ఎత్తుపల్లాలూ ఉన్నదని చెప్పారు. ఒక్క నడకలో అన్నీ మోయలేనివాళ్లు ఒకసారి సామాను దింపి, ఖాళీ చేతులతో వెనక్కొచ్చి, మళ్లీ కానోతో వెళ్లాలి. అంటే ప్రతి పోర్టేజీనీ మూడుతో గుణించుకోవాలి. 140 కాస్తా 420 అయింది, మైలుంపావు దాటింది, మొదటి రోజే. వద్దనుకున్నాం.

చివరికి లేక్ వన్. ఈలీ ఊరి నుంచి ఫెర్న్‌బర్గ్ రోడ్డు మీద ఇరవై మైళ్లలోపే. లేక్ వన్, టూ, త్రీ, ఫోర్, తర్వాత హడ్సన్, ఆ తర్వాత ఇన్సులా. (పేర్లు పెట్టినవాడికి నాలుగో చెరువు తర్వాత విసుగొచ్చినట్టుంది.) ఇన్సులా దాకా పోర్టేజీలు వరసగా 30, 40, 20, 25, 10, చివర 105. అన్నీ కలిపితే 230 రాడ్లు, ముప్పావు మైలు కూడా లేదు, అయినా అయిదు రోజులకి సరిపడా దూరం పోవచ్చు. కొత్తవాళ్లకి ఇంతకన్నా మంచి లెక్క ఇంకో దారిలో నాకు కనపడలేదు. దాని నష్టం కూడా అదే, అందరూ ఇదే లెక్క వేస్తారు, జనం ఎక్కువ.

పర్మిట్ విషయం. మే 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా రాత్రి ఉండాలంటే ముందే బుక్ చేసుకోవాలి, లోపలికి వెళ్లే ఒక్కో ద్వారానికి రోజుకి ఇన్ని అని లెక్క ఉంటుంది. జనవరి ఆఖర్లో తెరుస్తారు, లేక్ వన్‌లో వేసవి శనివారాలు ఎక్కువసేపు మిగలవు. మేం మంగళవారం తీసుకోవడం వల్ల బతికిపోయాం. గుంపులో తొమ్మిది మందికి, నాలుగు పడవలకి మించకూడదు. గాజు సీసాలు, డబ్బా టిన్నులు లోపలికి తీసుకెళ్లకూడదు, కాబట్టి ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలోకి మారింది.

ముందు రోజు రాత్రి ఈలీలో, కానోలు అద్దెకిచ్చే వాళ్ల దగ్గరే బంకుహౌసులో పడుకున్నాం. మనిషికి 35 డాలర్లు, రెండంతస్తుల చెక్క మంచాలు, దుప్పటి మనదే, బాత్రూం బయట. శుభ్రంగా ఉంది, పొద్దున్నే ఆరింటికల్లా కానోలు బండి మీద కట్టించుకోవచ్చు. ఊళ్లో హోటల్లో దిగితే ఆ రెండు గంటలు పోతాయి. మార్కులు వెయ్యమంటే పదికి ఎనిమిది. అద్దె సామాను మాత్రం అంత బాగాలేదు. ఒక గుడారం జిప్ సగంలో ఆగిపోతోంది, అది మేం మొదటి రాత్రి దోమలు లోపలికొచ్చాక తెలుసుకున్నాం. ఎవరి దగ్గర తీసుకున్నా సరే గుడారాన్ని వాళ్ల పెరట్లోనే ఒకసారి వేసి చూడండి, సిగ్గుపడకండి.

ఇంకో తప్పు మా సొంతం. డబ్బు మిగులుతుందని ఒక కానో కెవ్లార్‌ది, ఒకటి అల్యూమినియంది తీసుకున్నాం. కెవ్లార్‌ది 42 పౌండ్లు. అల్యూమినియంది 75 దాకా ఉంటుంది. రోజుకి పాతిక డాలర్ల తేడా. మొదటి పోర్టేజీ అయ్యేసరికే ఆ పాతిక డాలర్లు నేనే ఇస్తాను ఎవరైనా మార్చుకోండి అన్నాను, ఎవరూ పలకలేదు.

లేక్ వన్‌లో దారి తప్పడం ఒక ఆచారం అని తర్వాత తెలిసింది. దీవులూ వంకలూ అన్నీ ఒకేలా ఉంటాయి, ముందు వెళ్లే కానో వెనకాలే వెళ్తే చాలనుకున్నాం, వాళ్లు కూడా తప్పిపోయినవాళ్లే. ముప్పావుగంట పోయింది. అప్పటినుంచి మ్యాపు, దిక్సూచి మా మేనల్లుడి చేతికిచ్చాం. ఫోన్లు పనిచెయ్యవు, వాడికి అది మొదటి రోజు శిక్షలా ఉంది, మూడో రోజుకి మర్చిపోయాడు.

రాత్రి ఎక్కడ పడితే అక్కడ ఉండకూడదు, గుర్తు పెట్టిన చోట్లే ఉండాలి. అక్కడ ఇనప పొయ్యి గ్రిల్లు ఒకటి, వెనక అడవిలో తలుపూ గోడా లేని మరుగుదొడ్డి ఒకటి. ముందొచ్చినవాళ్లదే చోటు. మధ్యాహ్నం రెండు దాటితే లేక్ టూ, త్రీల్లో మంచివి నిండిపోతున్నాయి. మాకు లేక్ త్రీలో దొరికింది. 2011లో పగామీ క్రీక్ మంటలు తొంభై వేల ఎకరాలకు పైగా కాల్చేశాయి, ఈ దారి అందులోనే ఉంది. కొన్ని చోట్ల నల్లటి మోడులు, వాటి కింద మనిషి ఎత్తున గుబురుగా లేచిన జాక్ పైన్ చెట్లు. నీడ తక్కువ. నీడ కావాలనుకుంటే దీవుల మీద చోట్లు చూసుకోండి, చాలావాటిని మంట అంటలేదు.

ఇక చేపల సంగతి. మేం కష్టపడి నేర్చుకున్నది ఇదొక్కటే. మొదటి రెండు రోజులు చెరువుల మధ్యలో, ఒడ్డున రాళ్ల దగ్గర, కనిపించిన ప్రతి దీవి పక్కనా గాలం వేశాం. చిన్న పైక్‌లు రెండు తప్ప ఏమీ లేదు. వాలై అనే చేప కావాలి మాకు, తినడానికి ఇక్కడ దాన్ని మించింది లేదంటారు. లేక్ ఫోర్ చివర 20 రాడ్ల పోర్టేజీ దగ్గర సామాను దింపుతుంటే బావగారు ఆగిపోయి నీళ్లకేసి చూస్తూ, "ఒరేయ్, అసలు ఇక్కడ పడవ ఎందుకు మోస్తున్నాం మనం?" అన్నారు. పడవ పోదు కాబట్టి. ఎందుకు పోదు? నీళ్లు రాళ్ల మీంచి దూకుతున్నాయి కాబట్టి. మా ఊరి లాకుల కింద చేప ఎక్కడుంటుంది? నీళ్లు దూకి నిమ్మళించే చోట, నురగ అంచున. ఆయన నలభై ఏళ్ల కిందటి లెక్క అది.

ఈ దారంతా కవిషివి నది. నది ఇన్సులా నుంచి హడ్సన్‌కి, అక్కడి నుంచి లేక్ ఫోర్‌కి, అలా లేక్ వన్ వైపు పారుతుంది. అంటే మనం లోపలికి వెళ్లేటప్పుడు ఏటికి ఎదురు వెళ్తాం, నది మీద ప్రతి పోర్టేజీ దగ్గరా మనం దిగేది సరిగ్గా ఆ నురగ పడే చోటే. మ్యాపు మీద పోర్టేజీ గీత, దాని కింది కొస చూసుకుంటే చాలు, చేపల మ్యాపు వేరే కొనక్కర్లేదు. ఎర జలగ. అవును, బైట్ షాపులో డజన్ల లెక్కన అమ్ముతారు, చల్లటి నీళ్లు మారుస్తుంటే రోజులు బతుకుతాయి. చిన్న జిగ్‌కి (బరువు తల ఉన్న గాలపుముల్లు) జలగని గుచ్చి ప్రవాహంలో వదిలి, అడుగు తగిలీ తగలనట్టు లాగడమే. సాయంత్రం ఏడున్నర నుంచి తొమ్మిది మధ్య అయిదు వాలైలు. జూన్‌లో అక్కడ తొమ్మిదింటికి కూడా వెలుగుంటుంది. ఒక్కమాట, దింపుడు రేవు మీదే నిలబడి గాలం వేయకండి, వచ్చేపోయేవాళ్లకి అడ్డం. కానోలో పక్కకి వెళ్లి వేయండి. మేం మొదట రేవు మీదే నిలబడి మాట పడ్డాం.

మర్నాడు 105 రాడ్ల పోర్టేజీ దాటి ఇన్సులా. మూడు నడకలు కలిపితే దాదాపు మైలు, అల్యూమినియం కానో వంతు నాది. చెరువు అందం గురించి చెప్పక్కర్లేదు, దీవులే దీవులు, పొద్దున్నే లూన్ పక్షుల కూతలు. కానీ ఆ రెండు రోజులూ పడమటి గాలి వీచింది, మధ్యాహ్నం నీళ్లలోకి దిగలేకపోయాం. మా మేనల్లుడికి 33 అంగుళాల పైక్ పడింది, ఈ ప్రాంతంలో 30 నుంచి 40 అంగుళాల మధ్యవి తిరిగి వదిలేయాలి. వాడు ఫొటో తీసుకుని సంతోషంగా వదిలాడు, బావగారి మొహం చూడాలి. వాలైలు మాత్రం అక్కడ మాకు దొరకలేదు, ఇన్సులాలో బాగా పడతాయని చెప్పేవాళ్లు చాలామంది, మా గాలిరోజుల్ని బట్టి ఆ చెరువుని తీసిపారేయను. అయినా కేవలం చేపల కోసమే అయితే ఆ 105 దాటకండి, హడ్సన్‌లోనో ఫోర్‌లోనో మకాం వేసి పోర్టేజీల కింద వేసుకోండి. నిశ్శబ్దం కావాలంటే దాటండి, ఇన్సులాలో మాకు రోజుకి రెండు కానోలే కనపడ్డాయి.

తిరుగుదారిలో నాలుగో రాత్రి లేక్ ఫోర్‌లోనే ఆగి పులుసు పెట్టాం. చింతపండు, కారం, ఎండు ఉల్లిపాయ, అన్నీ జిప్ సంచుల్లో ఇంటి దగ్గరే కొలిచి తెచ్చారు మా అక్క. వాలైకి ముళ్లు తక్కువ, పైక్‌కి మాత్రం చీలిన ముళ్లు వరసలుగా ఉంటాయి, మా స్నేహితుడు పైక్ ముక్క పక్కన పెడితే "పులస తిన్నవాడికి ఇదొక ముల్లా" అని బావగారే లాగించారు. తలా తోకా పులుసులో వేయడం చూసి పక్క దీవి నుంచి నీళ్లకొచ్చిన ఒక పెద్దాయన ఆగి వాసన చూసి, గిన్నె పట్టుకుని మళ్లీ వచ్చాడు. పేగులూ వ్యర్థాలూ నీళ్లలో వేయకూడదు, గుడారానికీ ఒడ్డుకీ దారికీ 200 అడుగుల అవతల పాతిపెట్టాలి. తిండి సంచీ చెట్టుకి ఎత్తుగా వేలాడదీయాలి, లేదంటే ఎలుగుబంటి తెరవలేని డబ్బాలో పెట్టాలి, ఇది నిబంధన కూడా. పులుసు గిన్నె తోమి, ఆ నీళ్లు దూరంగా పోసి, గిన్నెని కూడా సంచీలోనే వేలాడదీశాం. మూడింటికి ఏదో చప్పుడైతే నలుగురం లేచి కూర్చున్నాం. ఉడుత.

చివరి రోజు మధ్యాహ్నానికి కారు దగ్గరికొచ్చి, ఆ రాత్రి ఈలీలో ఒక మోటెల్లో దిగాం. 180 డాలర్లు, తడి కార్పెట్టు వాసన, వేడినీళ్లు ఇద్దరికే సరిపోయాయి. బంకుహౌసుకే తిరిగి వెళ్లి ఉండాల్సింది, లేదా నాలుగు గంటలు నడిపి ఇంటికే వచ్చేయాల్సింది. కానో అప్పగించేటప్పుడు అడుగున గీతలు చూసి 40 డాలర్లు అడిగారు, తీసుకెళ్లేటప్పుడు తీసిన ఫొటోలు చూపిస్తే వదిలేశారు. ఆ ఫొటోలు తీసింది మా మేనల్లుడు, ఫోన్ పనికిరాదని వాడితో నేనే అన్నాను.