వెనక సీటు చెప్పిన రివ్యూ: కొత్త కాంపాక్ట్ ఎస్‌యూవీలో అరకు, వంజంగి, లంబసింగి

కారు కొని అప్పటికి రెండు నెలలైంది. విజయవాడలో ఆఫీసుకూ పిల్లల బడికీ తిప్పడమే తప్ప దూరం తీసుకెళ్లింది లేదు. మొదటి సర్వీసు కూడా అయిపోయాక, నవంబరు చివర్లో నాలుగు రోజులు కలిసొచ్చాయి. నేను, మా ఆవిడ, పదకొండేళ్ల పాప, ఆరేళ్ల బాబు, డెబ్బై దాటిన మా అమ్మ. శృంగవరపుకోట మీదుగా అరకు ఎక్కి, పాడేరు, వంజంగి, లంబసింగి చూసుకుని నర్సీపట్నం వైపు దిగిపోవాలని అనుకున్నాం.

బండి ఏ కంపెనీదన్నది పక్కన పెడదాం. ఈ తరగతి బండ్లన్నీ ఒకే కొలతకు కుట్టిన చొక్కాలు. పొడవు 4 మీటర్లలోపు, పెట్రోలైతే ఇంజను 1200 సీసీలోపు, డీజిలైతే 1500 సీసీలోపు ఉంటే జీఎస్టీ 18 శాతం. గీత దాటితే 40. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ రేట్లు నడుస్తున్నాయి. అందుకే వీటిలో చాలా బండ్ల పొడవు 3995 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. బయటి నుంచి చూస్తే ఎత్తుగా, దిట్టంగా కనిపిస్తుంది కానీ కోత ఎక్కడ పడిందో తెలియాలంటే వెనక కూర్చోవాలి, లేదా డిక్కీ సర్దాలి. నాది ఒక లీటరు టర్బో పెట్రోలు, మూడు సిలిండర్లు, మాన్యువల్ గేర్లు.

డిక్కీ సంగతి ఇంటి దగ్గరే తేలిపోయింది. రెండు పెద్ద సూట్‌కేసులు పెట్టేసరికి నిండిపోయింది. చలికోట్లు, అమ్మ మందుల సంచి, పిల్లల తిండి ఎక్కడ పెట్టాలి? మా ఆవిడ సూట్‌కేసులు రెండూ దించేసి, బట్టలన్నీ మెత్తని గుడ్డసంచుల్లోకి మార్చింది. అన్నీ పట్టాయి. ఈ బండ్లలో డిక్కీ ఎన్ని లీటర్లని అడిగేకన్నా గట్టి పెట్టెలు మానుకోవడం మేలు.

తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరాం. కలపర్రు, ఈతకోట, కృష్ణవరం, వేంపాడు టోల్‌గేట్లు ఎక్కడా ఆగే పని లేకుండా దాటేశాం. ఫాస్టాగ్ వార్షిక పాస్ ముందే తీసుకున్నాను. అప్పుడు దాని ధర 3000 రూపాయలు. ఏడాది పాటు, లేదా 200 సార్లు, ఏది ముందైతే అది. 2025 ఆగస్టు 15న మొదలైన ఈ పాస్ జాతీయ రహదారుల టోల్‌గేట్లకే పనికొస్తుంది. ఏడాదికి ఇలాంటి ప్రయాణాలు నాలుగైనా చేసేవాళ్లకు గిట్టుబాటే.

హైవే మీద బండికి వంక పెట్టడానికేమీ లేదు. తొంభైలో ఆరో గేర్లో హాయిగా పోయింది, మైలేజీ 17 దాటి చూపించింది. స్టీరింగ్ పట్టుకున్నవాడికి ఇంతకంటే ఏం కావాలి? నేను మురిసిపోతుంటే రావులపాలెం దాటాక వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"ఒరేయ్ నాన్నా, పాత కారే నయంరా. ఇందులో రోడ్డు మీది ప్రతి అతుకూ నడుముకి తెలుస్తోంది."

"కొత్త సస్పెన్షన్ కదమ్మా, కొంచెం గట్టిగా ఉంటుంది. అలవాటైపోతుంది" అన్నాను. ఈ బండి కొన్నవాళ్లు చాలామంది ఇదే మాట చెప్పగా విన్నాను, అదే అప్పజెప్పాను. అమ్మ మళ్లీ మాట్లాడలేదు. ఒక దుప్పటి మడిచి కింద వేసుకుంది.

వెనక ముగ్గురు కూర్చోవడం గురించి కూడా చెప్పాలి. మధ్యలో నేల మీద గుబ్బ ఉంటుంది కాబట్టి అక్కడ పెద్దవాళ్లు కూర్చోలేరు, పాప కూర్చుంది. బాబు బూస్టర్ సీటు ఒక పక్క ఆక్రమించాక మిగిలింది రెండు సన్నటి చోట్లు. మూడు సీట్లకీ మూడు పాయింట్ల బెల్టు ఉంది, మధ్య సీటుకు తలదిండు లేదు. కొనేముందు షోరూమ్‌లో ముందు సీట్లో కూర్చుని స్క్రీను ఎంత పెద్దదో చూసుకున్న నేను, వెనక ముగ్గురిని కూర్చోబెట్టి చూడాలని అనుకోనేలేదు.

అనకాపల్లి దగ్గర విశాఖ ఊళ్లోకి పోకుండా సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం వైపు వెళ్లే ఆరు వరుసల రోడ్డెక్కాం. పెందుర్తి దగ్గర దిగి కొత్తవలస, ఎస్.కోట (శృంగవరపుకోట). ఊరి ట్రాఫిక్ మొత్తం తప్పుతుంది. ఎస్.కోటలో ట్యాంకు నింపుకోవడం మంచిది, పైన బంకులు పలచగా ఉంటాయి.

ఘాట్ మొదలయ్యాక బండి అసలు స్వభావం బయటపడింది. చిన్న టర్బో ఇంజన్లకు ఒక గుణం ఉంది. ఇంజను నిమిషానికి రెండు వేల చుట్లకు దగ్గరపడితే ఉరుకుతుంది, అంతకు దిగితే ఊపిరి పోయినట్టవుతుంది. మలుపులో రెండో గేర్లో నెమ్మదించి మళ్లీ యాక్సిలరేటర్ తొక్కితే ఒక క్షణం ఏమీ జరగదు. వెనక లారీ ఉంటే ఆ క్షణం చాలా పొడుగు. తొలి నాలుగైదు మలుపులు టెన్షన్ పడ్డాను. తర్వాత సిగ్గుపడకుండా మొదటి గేరుకు దించడం నేర్చుకున్నాను. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంటుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి మామూలు ఇంజన్లు కాస్త నీరసిస్తాయి. టర్బో గాలిని ఒత్తి లోపలికి పంపుతుంది కాబట్టి ఆ తేడా పెద్దగా తెలియలేదు. మైలేజీ మాత్రం పదికి పడిపోయింది.

దారిలో బొర్రా గుహలు. సున్నపురాయిని నీళ్లు లక్షల ఏళ్లు కరిగించి, చుక్కచుక్కగా మళ్లీ పేర్చిన రూపాలు. లోపల గోస్తనీ పారుతుంది. పిల్లలకు పాఠంలో పదిసార్లు చెప్పినా ఎక్కనిది ఇక్కడ ఒక్కసారి తలెత్తితే ఎక్కుతుంది. మెట్లు చాలా, తడిగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అమ్మలా మొదటి పెద్ద హాలు చూసి ఆగిపోవచ్చు, నష్టం లేదు. ఆదివారం మాత్రం వెళ్లకండి. గుహలకు తిరిగే దారిలోనే గంట నిలిచిపోయాం.

పార్కింగులో సన్‌రూఫ్ కొంచెం తెరిచి ఉంచాను, బండి వేడెక్కకూడదని. తిరిగొచ్చేసరికి పైన రెండు కోతులు. ఒకటి సందులోంచి చెయ్యి లోపలికి పెట్టి వెతుకుతోంది. బిస్కెట్ పొట్లం పోయింది, గాజు మీద గీతలు మిగిలాయి. నాలుగు రోజుల్లో సన్‌రూఫ్‌ని మాకంటే బాగా వాడుకున్నది అదే.

అరకులో దిగింది ఊరికి కాస్త ఎడంగా ఉన్న ఒక హోమ్‌స్టే. గది 2500. గీజరు లేదు, కట్టెల బాయిలర్‌లో కాచిన నీళ్లు బకెట్లతో తెచ్చి ఇచ్చారు. రాత్రి అన్నం, పప్పు, నాటుకోడి కూర వేడివేడిగా పెట్టారు. బండి పెట్టుకోవడానికి విశాలమైన చోటు. నెట్ లేదు, అదీ ఒక సుఖమే. నాకైతే నాలుగు రోజుల్లో ఇదే మంచి బస.

ఆ చోట్లోనే మరో రెండు బండ్లు ఉన్నాయి, రెండూ మా తరగతివే. పొద్దున్నే టీ గ్లాసులతో ముగ్గురం బానెట్ల చుట్టూ చేరాం. రాజమండ్రి ఆయనది డీజిలు. "ఘాట్లో గేరు మార్చే పనే లేదండీ, రెండో గేర్లో లాక్కుపోతుంది" అన్నారు. చప్పుడు ఎక్కువట, అదొక్కటే బాధట. శ్రీకాకుళం కుర్రాడిది టర్బో పెట్రోల్ ఆటోమేటిక్, రెండు క్లచ్‌ల రకం. బొర్రా దారి జామ్‌లో గేర్‌బాక్స్ వేడెక్కిందని హెచ్చరిక వచ్చి పక్కన ఆపుకోవాల్సి వచ్చిందట. ఎలా నడిపావని అడిగితే, ఎత్తు మీద బ్రేకు వెయ్యకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెట్టాడని తేలింది. అలా చేస్తే క్లచ్ సగం పట్టి సగం జారుతూ కాలిపోతుంది. బ్రేకు తొక్కి పూర్తిగా ఆగి, ముందు నాలుగు బండ్ల ఖాళీ వచ్చాక కదలాలి. అతని బండికి ముందు వాహనాన్ని పసిగట్టి అరిచే సదుపాయం కూడా ఉంది. హైవే మీద స్కూటరు అడ్డొచ్చినప్పుడల్లా అరిచి అరిచి, చివరికి వాళ్లావిడ దాన్ని ఆపేయించిందట.

రాజమండ్రి ఆయన మా బండి టైరును కాలితో తన్ని చూసి, "గాలి ఎంత పెట్టించారు?" అన్నారు. తెలియదు. సర్వీసులో చూసే ఉంటారు కదా అన్నాను. ఆయన డిక్కీలోంచి టైరు గాలి కొలిచే చిన్న గేజి తీశారు. రాత్రంతా నిలబడి చల్లబడ్డ టైర్లు. నాలుగూ 44 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత). డ్రైవర్ తలుపు పక్క స్టిక్కర్ మీద మామూలుగా 33, నిండు లోడుకు 36 అని రాసి ఉంది.

కొత్త బండ్లు యార్డుల్లో నెలల తరబడి నిలబడి ఉంటాయి కాబట్టి టైర్లు ఒకవైపు అణగకుండా గాలి ఎక్కువ కొడతారు. అప్పగించేముందు తగ్గించాలి. లేకపోతే టైరు రాయిలా గట్టిపడి ప్రతి కుదుపూ లోపలికి పంపుతుంది. షోరూమ్ తగ్గించలేదు, సర్వీసు వాళ్లు కాగితం మీద టిక్కు పెట్టారు, నేను సస్పెన్షన్ మీద నెట్టేశాను. టైరు గాలి చూపే సెన్సరు పై వేరియంట్‌కే ఇస్తారు. నేను డబ్బు పెట్టింది సన్‌రూఫ్‌కి. అక్కడే 36కి దించుకున్నాం. చాపరాయి వైపు పోతుంటే అమ్మ దుప్పటి తీసి పక్కన పెట్టింది. ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది.

అరకులో గిరిజన మ్యూజియం తప్పక చూడండి, అమ్మ గంటన్నర సేపు కదల్లేదు. పద్మాపురం తోట పిల్లలకు ఒక పూట. చాపరాయి దగ్గర రాళ్లు నాచుపట్టి జారుతున్నాయి, జనం మరీ ఎక్కువ, ఇరవై నిమిషాల్లో వచ్చేశాం. కాఫీ పొడి తీసుకుంటే అరకు అరబికా అని చూసుకుని తీసుకోండి, దానికి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

పాడేరులో లాడ్జి ఒక రాత్రి పడుకోవడానికి తప్ప దేనికీ కాదు. గది శుభ్రమే, కానీ బండి సందులో రివర్సు పెట్టాల్సి వచ్చింది. వెనక కెమెరా లేకపోతే బంపరు పోయేది. ఇది మాత్రం నిజంగా పనికొచ్చే హంగు. తెల్లవారుజామున నాలుగింటికి వంజంగి. కొండ కింద కారు వదిలి, జీపులో కొంతదూరం పోయి, అక్కడి నుంచి నడక. అమ్మ లాడ్జిలోనే ఉండిపోయింది. పైకి చేరేసరికి లోయ నిండా మేఘాలు, అంచున ఎర్రటి గీత. బాబు "నాన్నా, ఇది సముద్రమా?" అని అడిగాడు. ఈ ప్రయాణంలో ఒక్కటే చూడాలంటే ఇదే చూడండి. పైన ప్లాస్టిక్ చెత్త చూస్తే మాత్రం కడుపు తరుక్కుపోతుంది.

లంబసింగి గురించి నా మాట చాలామందికి నచ్చదు. ఊరు అందంగానే ఉంది, చలీ నిజమే. కానీ పొగమంచు చూడటానికి వచ్చిన జనం పొగమంచు కంటే ఎక్కువ. టెంటుకు 1500 తీసుకుని తడిసిన పరుపు ఇచ్చారు. మార్చమంటే "మంచు కదండీ" అన్నారు. అమ్మనీ పిల్లలనీ కార్లో పడుకోబెట్టాం. వెనక సీటు వాలదు, కానీ పొడిగా ఉంది. చింతపల్లి నుంచి వచ్చేటప్పుడు పొగమంచులో తెల్లటి ఎల్ఈడీ లైట్లు హైబీమ్ వేస్తే ఎదురుగా సున్నం గోడ కట్టినట్టయింది. లోబీమ్‌లో, ఇరవై స్పీడులో పోవడమే దారి.

నర్సీపట్నం వైపు దిగడం ఎక్కడంకన్నా కష్టం. బ్రేకు అదేపనిగా తొక్కకుండా రెండో గేర్లోనే వదిలేశాను, ఇంజనే పట్టి ఆపింది. ముందుపోతున్న ఒక బండి చక్రాల దగ్గర నుంచి కాలిన వాసన కిందిదాకా వస్తూనే ఉంది. తుని దగ్గర మళ్లీ హైవే. రావులపాలెంలో ఆత్రేయపురం పూతరేకులు కొంటే డిక్కీలో చోటు లేదు. డబ్బాలు పాప ఒళ్లో కూర్చుని విజయవాడ వచ్చాయి. మొత్తం 900 కిలోమీటర్లు దాటింది, మైలేజీ సగటున 14.6.

పోయిన వారం రెండో సర్వీసుకి ఇచ్చాను. జాబ్‌కార్డు మీద "టైర్లలో గాలి 33" అని నా చేత్తోనే రాసి, కింద గీత కూడా గీశాను. బండి తెచ్చుకున్న మర్నాడు పొద్దున్నే, కొత్తగా కొన్న గేజి పెట్టి చూశాను. 40.