జాగ్రత్త: కొలవకుండానే కొలతలు రాసిచ్చే ఎనర్జీ ఆడిటర్లున్నారు

పెద్ద బిల్డింగులకు ఎనర్జీ ఆడిట్ (కరెంటు ఎక్కడ ఎంత ఖర్చవుతోందో, ఎంత తగ్గించొచ్చో కొలిచి చెప్పే తనిఖీ) తప్పనిసరి అయిన చోట ఉన్న ఓనర్లు, అసోసియేషన్ వాళ్లు, ఫెసిలిటీ మేనేజర్లు ఇది కాస్త ఓపిగ్గా చదవండి. గడువు దగ్గరపడే కొద్దీ "ఆడిట్, రిపోర్టు, ఫైలింగ్ అన్నీ మేమే చూసుకుంటాం, మీకు ఏ టెన్షనూ ఉండదు" అంటూ ఫోన్లు మొదలవుతాయి. మా ఆఫీసు కాంప్లెక్స్ ఆడిట్ అలాంటి ఒక సంస్థకే ఇచ్చాం. బైండు చేసిన లావుపాటి రిపోర్టు చేతికొచ్చింది. అందులో చాలా భాగం మా బిల్డింగు గురించి కాదు.

ముందు కంటపడింది కూలింగ్ టవర్. దాని ఫ్యాన్లకు వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని అవసరాన్నిబట్టి తగ్గించే పరికరం) పెడితే ఎంత ఆదా అవుతుందో పట్టికలతో సహా ఒక అధ్యాయమే ఉంది. మా చిల్లర్లు (ఏసీకి నీటిని చల్లబరిచే యంత్రాలు) ఎయిర్ కూల్డ్, అంటే వేడిని నేరుగా గాలిలోకే వదిలేస్తాయి, వాటికి కూలింగ్ టవర్ అక్కర్లేదు. టెర్రస్ అంతా గాలించినా కూలింగ్ టవర్ దొరకదు. ఇంకెవరి రిపోర్టో తెచ్చి పేరు మార్చి ఇచ్చారు. అడిగితే "టైపింగ్ మిస్టేక్ సార్, తీసేస్తాం" అన్నారు. అధ్యాయం మొత్తం టైపింగ్ మిస్టేక్ ఎలా అవుతుందో వాళ్లకే తెలియాలి. సరే, అది తీసేస్తే పోతుంది. అసలు గోల్‌మాల్ ఆ తర్వాతి పేజీల్లో ఉంది.

చిల్డ్ వాటర్ ఫ్లోని, అంటే చిల్లర్ చల్లబరిచిన నీరు పైపుల్లో ఎంత పారుతోందో దాన్ని, "అల్ట్రాసోనిక్ మీటరుతో కొలిచాం" అని రాసి, గంటకు ఇన్ని ఘనపు మీటర్లంటూ దశాంశాలతో సహా అంకె వేశారు. ఈ మీటరు పైపుకు రంధ్రం పెట్టకుండా బయటి నుంచే కొలుస్తుంది, నిజమే. కానీ దాని సెన్సార్లు పైపు లోహానికి ఆనుకుని ఉండాలి. పైపు తుడిచి, జెల్ రాసి, వ్యాసం, గోడ మందం మీటరులో ఎక్కించి, సెన్సార్లను పట్టీతో బిగించాలి. మా పైపుల మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఇన్సులేషన్ ఉంది, దాని మీద అల్యూమినియం రేకు. ఎక్కడా కోసిన గుర్తు లేదు, మళ్లీ అతికించిన టేపు లేదు. మా ప్లాంట్ ఆపరేటర్‌ని అడిగితే "వాళ్లు నేమ్‌ప్లేట్లు ఫొటోలు తీసుకున్నారు సార్, పంప్ రూమ్‌లో కాసేపు నిలబడి వెళ్లిపోయారు" అన్నారు.

అంటే ఆ అంకె పంపు నేమ్‌ప్లేటు (తయారీ కంపెనీ దాని సామర్థ్యం రాసి బిగించిన రేకు) మీద నుంచి దించింది. ఇంత పట్టింపు ఎందుకంటారా? ఫ్లోని, చిల్లర్ నుంచి వెళ్లే నీటికీ తిరిగొచ్చే నీటికీ మధ్య ఉన్న ఉష్ణోగ్రత తేడాను కలిపి లెక్కేస్తేనే చిల్లర్ ఎన్ని టన్నుల చల్లదనం ఇస్తోందో తెలుస్తుంది. దాన్నిబట్టే టన్నుకు ఎన్ని కిలోవాట్లు తింటోందో తేలుతుంది. పంపు అవసరానికి మించి పెద్దదైతే నీళ్లు నేమ్‌ప్లేటు అంకె కంటే ఎక్కువే పారుతుంటాయి. అప్పుడు ఆ తక్కువ అంకెతో లెక్కేస్తే శుభ్రంగా పనిచేస్తున్న చిల్లర్ కూడా కాగితం మీద దండగమారిదిగా కనిపిస్తుంది. సరిగ్గా అదే జరిగింది. "చిల్లర్ మార్చాలి" అన్న సిఫార్సు వెనకాలే కొత్త చిల్లర్ కొటేషన్ కూడా పెట్టారు. కొటేషన్ మీద కంపెనీ పేరు వేరు, ఆఫీసు అడ్రసు మాత్రం అదే.

వీఎఫ్‌డీల లెక్క ఇంకో తమాషా. వేగం 20 శాతం తగ్గిస్తే పవర్ దాదాపు సగానికి పడిపోతుందని సేల్స్‌వాళ్లంతా చెప్తారు. పవర్ వేగం ఘనాన్నిబట్టి మారుతుంది కాబట్టి 0.8 × 0.8 × 0.8 = 0.512, సూత్రం సరైనదే. ఏసీ ఫ్యాన్లకు, ఒకే గొట్టాల్లో తిరిగి తిరిగి వచ్చే నీటి పంపులకు చాలావరకు వర్తిస్తుంది కూడా. మా రిపోర్టులో దాన్ని సంపు నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకుకి నీళ్లెక్కించే పంపుకి తగిలించారు. ఆ పంపు పనంతా నీటిని అంత ఎత్తుకు లేపడమే. మోటారు వేగం తగ్గిందని బిల్డింగు ఎత్తు తగ్గదు కదా! వేగం మరీ తగ్గిస్తే నీళ్లు ట్యాంకు దాకా చేరవు, పంపు ఊరికే తిరుగుతూ వేడెక్కుతుంది.

కెపాసిటర్ ప్యానెల్ పెడితే యూనిట్లు తగ్గుతాయని కూడా రాశారు. మా కరెంటు బిల్లులోనే పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వాటా, 1 ఉంటే పూర్తిగా పనికొచ్చినట్టు) 0.98 అని అచ్చయి ఉంది. కెపాసిటర్లతో తగ్గేది కేవీఏ డిమాండ్ (బిల్డింగు లాగే గరిష్ఠ లోడు), పవర్ ఫ్యాక్టర్ తక్కువైనందుకు వేసే పెనాల్టీ ఉంటే అది. మీటరులో తిరిగే యూనిట్లలో చెప్పుకోదగ్గ తేడా రాదు.

ఆదాలన్నీ విడివిడిగా వేసి చివర్లో కూడేశారు. లైట్లు ఎల్ఈడీలకు మారిస్తే వాటి వేడి తగ్గి ఏసీ మీద లోడు కొంత తగ్గుతుంది. కొత్త చిల్లర్ వల్ల వచ్చే ఆదాని ఆ తగ్గిన లోడు మీద లెక్కగట్టాలి. వీళ్లు ప్రతిదాన్నీ పాత లోడు మీదే వేసుకుంటూ పోయారు. కూడి చూస్తే ఏసీ ఖాతాలో చూపిన ఆదా, ఏసీ మొత్తం వాడకానికి దగ్గర దగ్గరగా వచ్చింది. ఏసీ నడుస్తుంది గానీ కరెంటు కాలదన్నమాట!

ఇవన్నీ డబ్బు పోయే వ్యవహారాలు. అధికారులకు ఇవ్వడానికి సిద్ధం చేసిన ఫైలింగ్ కాగితాల్లో చేసిన పని వీటికన్నా ప్రమాదం. చదరపు మీటరుకు ఏడాదికి ఎన్ని యూనిట్లు వాడుతున్నామన్న లెక్కలో బేస్‌మెంట్ పార్కింగ్‌ని కూడా విస్తీర్ణంలో కలిపేశారు. ఉదాహరణకు 60 లక్షల యూనిట్లను 40,000 చదరపు మీటర్లతో భాగిస్తే 150 వస్తుంది. అందులో పార్కింగ్ 10,000 ఉందనుకుని తీసేస్తే అసలు అంకె 200. చాలాచోట్ల బెంచ్‌మార్కింగ్‌కి (బిల్డింగుల వాడకాన్ని పోల్చి చూడటానికి) వాడే అమెరికా ప్రభుత్వ ఆన్‌లైన్ సాధనం ఎనర్జీ స్టార్ పోర్ట్‌ఫోలియో మేనేజర్‌లో పార్కింగ్‌ని బిల్డింగు విస్తీర్ణంలో కలపరు, విడిగా చూపిస్తారు. మీ దగ్గరి నిబంధన ఏమంటోందో మీరే ఒకసారి చదవండి, ఆడిటర్ మాట మీద వదిలేయకండి. రిపోర్టు వాళ్లు రాసినా డిక్లరేషన్ కింద సంతకం ఓనర్‌ది. తేడా బయటపడితే నోటీసు వచ్చేదీ ఆ పేరు మీదే. మేం ఫైలింగ్‌కి ముందే పట్టుకున్నాం కాబట్టి అది ఆగింది.

కొటేషన్లు తీసుకునేటప్పుడు "డీటెయిల్డ్ ఆడిట్" అన్న మాట ఒక్కటే చూసి ఊరుకోవద్దు. 2018లో వచ్చిన ఆష్రే (ఏసీ, రిఫ్రిజిరేషన్ ఇంజనీర్ల అమెరికా సంఘం) 211 ప్రమాణంలో ఆడిట్‌కి మూడు స్థాయులున్నాయి. మొదటిది బిల్డింగంతా తిరిగి చూసి, బిల్లులు పరిశీలించి చెప్పేది. రెండోదాంట్లో ఏ సిస్టమ్ ఎంత వాడుతోందో విడదీసి, ఒక్కో సిఫార్సుకి ఖర్చు, ఆదా లెక్కలు ఇవ్వాలి. భారీ పెట్టుబడి పెట్టే ముందు చేయించే లోతైన విశ్లేషణ మూడోది. మా దగ్గర రెండో స్థాయికి డబ్బు తీసుకుని మొదటి స్థాయి పని కూడా పూర్తిగా చేయలేదు. మీ నగరం ఏ స్థాయి అడుగుతోందో తెలుసుకుని ఆ పేరుతోనే కొటేషన్ రాయించండి.

డేటా లాగర్లు (రీడింగులను తమంతట తామే నమోదు చేసే పరికరాలు) ఎన్ని రోజులు పెడతారో ముందే అడగండి. పనిదినాలూ సెలవులూ రెండూ పడేలా కనీసం ఒక వారమైనా ఉండాలి. లాగర్ నుంచి దించిన అసలు ఫైలు, పరికరాల క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్లు, మీటర్లు బిగించి ఉన్నప్పుడు తీసిన ఫొటోలు రిపోర్టుతో పాటే ఇవ్వాలని షరతు పెట్టండి. నిజంగా కొలిచినవాళ్లకు వీటిలో ఏదీ కష్టం కాదు. ఆడిట్ చేసినవాళ్లు గానీ, వాళ్లకు సంబంధించిన కంపెనీ గానీ అదే బిల్డింగుకి సామాను అమ్మకూడదని కూడా రాయించండి. "పైసా పెట్టక్కర్లేదు, వచ్చిన ఆదాలో వాటా ఇస్తే చాలు" అనేవాళ్లు వస్తే బేస్ ఇయర్‌గా, అంటే ఆదాని పోల్చి చూసే ఏడాదిగా, ఏ ఏడాది తీసుకున్నారో చూడండి. ఎండలు మండిపోయిన ఏడాదిని పెట్టుకుంటే మామూలు ఏడాదిలో ఏ పనీ చేయకుండానే ఆదా కనిపిస్తుంది.

ఫైనల్ పేమెంట్ ఆపి, పైవన్నీ వివరిస్తూ లెటర్ పంపాం. "కస్టమర్ ఇచ్చిన డేటా ఆధారంగానే రిపోర్టు తయారుచేశాం" అని జవాబొచ్చింది. చూస్తే ఆ వాక్యం రిపోర్టు చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ముందే ఉంది. మీకిచ్చే అగ్రిమెంట్ డ్రాఫ్టులో అలాంటిదేదైనా కనిపిస్తే కొట్టేయించి, "సంస్థ తన సొంత పరికరాలతో స్వయంగా కొలిచిన రీడింగుల ఆధారంగా" అని రాయించండి. ససేమిరా అంటే ఇంకో సంస్థని చూసుకోండి.