జాగ్రత్త: ‘జిన్ కాక్‌టెయిల్ కిట్’ ఆన్‌లైన్‌లో కొనేముందు

ఇంట్లోనే బార్ లెవెల్‌లో జిన్ కాక్‌టెయిల్ కలుపుకోండి అంటూ ఈమధ్య కిట్లు తెగ అమ్ముతున్నారు. ఫోటోలో నిమ్మచెక్కలు, పొడవాటి గ్లాసులో పైకి లేస్తున్న బుడగలు, పక్కన ఖరీదుగా కనిపించే సీసా. జిన్, నిమ్మరసం, పాకం, సోడా కలిపి చేసే టామ్ కాలిన్స్ నాకు ఇష్టం కాబట్టి రెండు వేల పైచిలుకు పెట్టి ఒకటి తెప్పించాను. పైన పటారం, లోన లొటారం. అమ్మినవాళ్ళ పేరు రాయను. ఇదే సరుకు రకరకాల పేర్లతో తిరుగుతోంది, పేరు కంటే గుర్తులు తెలిస్తేనే ఉపయోగం.

డబ్బాలో వచ్చినవి ఒక స్టీల్ షేకర్, ఒక సోడా సైఫన్ (నీళ్ళలోకి గ్యాస్ ఎక్కించి సోడా చేసే మీట సీసా), దానికి బిగించే చిన్న గ్యాస్ గొట్టాలు, అంటే కాట్రిడ్జ్‌లు, ‘సిట్రస్ జిన్’ అని పెద్దక్షరాలతో ఉన్న సీసా. ఆ అక్షరాల కింద, ఫోన్‌లో ఫోటో తీసి జూమ్ చేస్తే తప్ప కనపడనంత చిన్నగా ‘మిక్సర్’ అని ఉంది, అంటే మద్యంలో కలుపుకునే పానీయం. అందులో జిన్ ఉండదని తెలుసు, మద్యం అలా కొరియర్‌లో రాదు. కానీ సిట్రస్ కూడా లేదు! వెనక లేబుల్ చదివితే పంచదార, నీళ్ళు, సిట్రిక్ యాసిడ్ (330), ఫ్లేవర్, సోడియం బెంజోయేట్ (211), పసుపు రంగుకి టార్ట్రజైన్ (102). నిమ్మరసం అన్న మాటే లేదు. ఇవి వాడటానికి అనుమతి ఉన్నవే, అది వేరే సంగతి. నిమ్మకాయ బొమ్మ వేసి, ఆ ధర పెట్టి, చక్కెర పాకం అమ్మడం మాత్రం మోసమే.

అసలు గొడవ గ్యాస్ దగ్గర. సైఫన్‌లో చల్లటి నీళ్ళు పోసి, కాట్రిడ్జ్ బిగించి మీట నొక్కితే గ్లాసులోకి పాలలా తెల్లటి నురగ వచ్చింది. చూస్తుండగానే అణిగిపోయింది. నోట్లో పోసుకుంటే నాలుకకి చురుక్కుమనలేదు, పైగా కాస్త తియ్యగా ఉంది. కాట్రిడ్జ్‌ల అట్టపెట్టె పక్క అంచున చూస్తే ‘ఎన్2ఓ, క్రీమ్ చార్జర్స్’ అని ఉంది. అంటే నైట్రస్ ఆక్సైడ్. కేకుల మీద వేసే క్రీమ్‌ని నురగలా చేయడానికి వాడేది. సోడాకి కావలసింది సీఓ2, కార్బన్ డయాక్సైడ్. అది నీళ్ళలో కరిగినప్పుడు కొంత కార్బోనిక్ ఆమ్లం అవుతుంది, ఆ పులుపూ చురుకూ దానివే. నైట్రస్ ఆక్సైడ్‌కి ఆ గుణం లేదు. ఎన్ని కాట్రిడ్జ్‌లు ఎక్కించినా సోడా అవ్వదు.

చిక్కేమిటంటే రెండు రకాలూ సాధారణంగా 8 గ్రాములే, చూడటానికి ఒకేలా ఉంటాయి, ఒకే హోల్డర్‌లో పడతాయి. కాబట్టి ఆర్డర్ పెట్టేముందే పెట్టె మీద అక్షరాల ఫోటో పంపమనండి. పంపకపోతే వదిలేయండి. ఇంకోమాట, ఈ క్రీమ్ గ్యాస్‌ని మత్తు కోసం పీల్చే పిచ్చి ఒకటి ఉంది, దానివల్ల శరీరంలో బీ12 దెబ్బతిని నరాలు పాడవుతాయి. కాలేజీ పిల్లలున్న ఇంట్లో ఇలాంటి పెట్టె ఊరికే పడేసి ఉంచకండి.

రిటర్న్ పెడితే “ఫుడ్ ఐటమ్ సార్, వెనక్కి తీసుకోం” అన్నారు. సైఫన్ ఫుడ్ ఐటమ్ ఎలా అయిందో వాళ్ళకే తెలియాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు పెట్టాక సైఫన్ డబ్బులు వెనక్కి వచ్చాయి, సిరప్ డబ్బులు రాలేదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. చాట్‌లో ఈ ముక్క రాయగానే అవతలివాళ్ళ గొంతు మారింది. డబ్బా విప్పేటప్పుడు వీడియో తీసి ఉంచడం వల్ల వాదించే అవసరం పెద్దగా రాలేదు. సీసా మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు, తయారీదారు చిరునామా, ఎమ్మార్పీ ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.

దీనికంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి. ఇలాంటి కిట్ కొన్నవాళ్ళకి “జిన్ కూడా ఇంటికి పంపిస్తాం, క్యూఆర్‌కి కొట్టండి” అని వాట్సాప్ మెసేజ్‌లు వస్తున్నాయి. నాకూ వచ్చింది. మ్యాప్‌లో వైన్ షాపు పేరు పెట్టి, కింద తమ నంబరు తగిలించే ముఠాలు ఎప్పటినుంచో ఉన్నాయి. తెలంగాణలో అయినా ఆంధ్రలో అయినా సీసా కావాలంటే లైసెన్సున్న షాపుకి వెళ్ళి బిల్లు తీసుకోవడమే. ఒకవేళ డబ్బులు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

నిజానికి టామ్ కాలిన్స్‌కి కిట్ ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. 60 మి.లీ. జిన్, 25 మి.లీ. నిమ్మరసం, పంచదారా నీళ్ళూ సమానంగా కలిపి కరిగించిన పాకం 20 మి.లీ., వీటిని ఐసుతో షేకర్‌లో గిలక్కొట్టి, ఐసు నింపిన గ్లాసులోకి వడకట్టి, పైన 90 మి.లీ. సోడా. షేకర్ లేకపోతే మూత గట్టిగా పట్టే హార్లిక్స్ సీసా చాలు. సోడా మాత్రం షేకర్‌లో పోయకండి, మూత ఎగిరి గోడకి తగులుతుంది. సోడా సీసా ఫ్రిజ్‌లో బాగా చల్లబడ్డాకే తీయండి, చల్లగా ఉంటేనే గ్యాస్ నీళ్ళలో నిలుస్తుంది. రెసిపీల్లో చెప్పే పసుపు లెమన్ కోసం సూపర్‌మార్కెట్‌లో వెతకక్కర్లేదు, మన గూడూరు నిమ్మకాయ చక్కగా సరిపోతుంది. పులుపు ఎక్కువనిపిస్తే రసం 20కి తగ్గించండి. బత్తాయి తొక్క చిన్న ముక్క గ్లాసు మీద పిండితే వచ్చే వాసన ఆ 102 నంబరు సీసాలో జన్మలో రాదు.

నిన్న చూస్తే అదే కిట్ అవే ఫోటోలతో కొత్త పేరు మీద మళ్ళీ అమ్మకానికి పెట్టారు, ఈసారి ‘ప్రీమియం’ అని ఇంకో రెండొందలు పెంచారు. గుర్తు కావాలంటే, ఎడమ పక్క నీలం రంగు సైఫన్, దాని ముందు సగానికి కోసిన నిమ్మకాయ. కాట్రిడ్జ్‌ల పెట్టె ఏ ఫోటోలోనూ కనపడదు.