మూకీ తారల పోస్టుకార్డుల కోసం బెర్లిన్‌లో మూడు రోజులు

జర్మన్ మూకీ సినిమాల నటీనటుల పోస్టుకార్డులను ఆరేళ్లుగా సేకరిస్తున్నాను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటూ కూడా ఇంతవరకు అన్నీ ఇంటర్నెట్ వేలంలోనే కొన్నాను. అవి వెలువడిన బెర్లిన్‌కే వెళ్లి, చేత్తో పట్టుకుని, వెనక్కి తిప్పి చూసి కొనాలన్న కోరికతో మే నెలలో ఒక శుక్రవారం బయలుదేరాను. అక్కడి పాత వస్తువుల సంతలు శని, ఆదివారాల్లోనే జరుగుతాయి కనుక వారాంతం తప్పనిసరి.

సావిన్యీప్లాట్స్ స్టేషన్ దగ్గర ఒక చిన్న లాడ్జిలో దిగాను. గది శుభ్రంగా ఉంది గానీ, లిఫ్టు ఉందని ప్రకటనలో రాసి నాలుగంతస్తులు మెట్లెక్కించడం న్యాయంగా లేదు. అయినా పెద్ద సంతకు దగ్గరి స్టేషనైన టియర్‌గార్టెన్ అక్కడికి రెండు స్టాపులే కావడంతో మళ్లీ ఆ పేటలోనే దిగుతాను.

'జూన్ 17 వీధి'లో జరిగే ఆ పెద్ద సంతలోనే శనివారం ఉదయమంతా గడిపాను. కార్డులను ఊళ్ల పేర్ల వారీగా అట్టపెట్టెల్లో నిలబెట్టి ఉంచుతారు. సినిమా తారలకు విడిగా ఒక పెట్టె ఉంటుంది, అది వెనక ఉంటే అడిగి తీయించుకోవాలి. నేను ముఖ్యంగా వెతికేది హైన్రిష్ రాస్ స్థాపించిన రాస్ ఫెర్లాగ్ అనే ప్రచురణ సంస్థ కార్డులను. సుమారు 9 × 14 సెంటీమీటర్ల ఆ కార్డుల అడుగున సంస్థ పేరు, వరుస సంఖ్య, చాలావాటిపై ఫొటో తీసిన స్టూడియో పేరు ఉంటాయి. ఆ సంఖ్యను బట్టే కార్డు ఏ కాలానిదో అంచనా వేయవచ్చు. యూదుడైన రాస్ నాజీల పాలనలో తన సంస్థను పోగొట్టుకున్నాడు. తర్వాత దాని పేరులోంచి ఆయన పేరును కూడా తీసేశారు. అందుకే కార్డుపై 'ROSS' అన్న ఆ నాలుగక్షరాలు కనబడ్డప్పుడల్లా నా చేయి కాసేపు అక్కడే ఆగుతుంది.

భూతద్దం వెంట ఉండాలి. అసలు ఫొటో కార్డులో నలుపు తెలుపులు ఒకదానిలో ఒకటి కరిగిపోయినట్లుంటాయి, తర్వాతి కాలపు నకళ్లలో అచ్చు చుక్కలు బయటపడతాయి. పాత కార్డును ఏటవాలుగా వెలుతురుకు పట్టుకుంటే ముదురు భాగాల్లో కొన్నిసార్లు వెండి మెరుపు కనిపిస్తుంది. ఆస్టా నీల్సన్, హెన్నీ పోర్టెన్, లిల్ దాగోవర్ కార్డులు నాకు ఒక్కొక్కటి 5 నుంచి 8 యూరోలకు దొరికాయి. కోన్రాడ్ ఫైట్ కార్డుకు మాత్రం 15 యూరోలు ఇచ్చాను, బేరం ఆడాలనిపించలేదు. 1920లో ముర్నౌ తీసిన 'డెర్ యానుస్‌కోఫ్'లో ఆయనే నాయకుడు, ఆ సినిమా నేడు లభ్యం కాదు. అటువంటి సినిమాల విషయంలో మనకు మిగిలింది ఈ కాగితపు ముఖాలే.

ఆదివారం చూసిన మవర్‌పార్క్ సంతలో జనమూ సంగీతమూ ఎక్కువ, కార్డులు తక్కువ. సేకరణ కోసమైతే వెళ్లనక్కరలేదు. బోడే మ్యూజియం పక్కన జరిగే పుస్తకాల సంత చిన్నదే అయినా, అక్కడ కార్డులను ప్లాస్టిక్ తొడుగుల్లో భద్రంగా ఉంచారు, అమ్మేవారూ ఓపికగా మాట్లాడారు. రెండుచోట్లా నగదు చేతిలో ఉండడం మంచిది.

శనివారం అర్ధరాత్రి, 1929లో తెరిచిన బాబిలోన్ థియేటర్‌లో ఆనాటి ఆర్గాన్ వాయిద్యంతో మూకీ చూశాను. పగలు పెట్టెలో చూసిన ముఖాల వంటివే తెరపై కదులుతుంటే, ప్రయాణానికి పెట్టిన ఖర్చంతా ఈ ఒక్క గంటకే చెల్లిపోయిందనిపించింది. శుక్రవారం సాయంత్రం పోట్స్‌డామ్‌లో, రాజుల పాత గుర్రపుశాలలో ఉన్న సినిమా మ్యూజియాన్ని హడావుడిగా చూశాను. దానికి పూట సమయం కేటాయించాల్సింది.

చివరగా కొన్న కార్డు, యో మే 1921లో తీసిన 'డాస్ ఇండిషె గ్రాబ్‌మాల్' ('భారతీయ సమాధి') లోని దృశ్యం. ఫైట్ అందులో మహారాజు. ఆ భారతదేశమంతా బెర్లిన్ శివార్లలోని వోల్టర్స్‌డోర్ఫ్‌లో వేసిన సెట్టింగే. రాన్స్‌డోర్ఫ్ స్టేషన్ నుంచి 87వ నంబరు ట్రామ్ అక్కడికి వెళుతుంది. ఈసారి సమయం చాలలేదు. వచ్చే వసంతంలో ఈ కార్డు తీసుకుని ఆ ట్రామ్ ఎక్కుతాను.