టాబ్లోలో అంకెలు, లేబుళ్లు: మార్పు ఎక్కడ చేస్తున్నామన్నదే అసలు సంగతి

టాబ్లో అనే డేటా చార్టుల సాఫ్ట్‌వేర్‌లో, పైన రోస్ షెల్ఫ్ అనే పట్టీలో ఉన్న సేల్స్ పిల్ (డేటాలోని ఒక ఫీల్డ్‌ను, అంటే కాలమ్‌ను సూచించే గుళిక) మీద రైట్ క్లిక్ చేసి, ఫార్మాట్ తెరిచి, దశాంశాలు తీసేస్తాం. యాక్సిస్ మీద అంకెలు శుభ్రంగా మారిపోతాయి. బార్ల మీద లేబుళ్లు మాత్రం 4,832,615.37 అంటూ అలాగే ఉంటాయి. టాబ్లో డెస్క్‌టాప్‌ కొత్తగా పట్టుకున్నవాళ్లను బాగా విసిగించేది ఇదే. కారణం చిన్నది. ఫార్మాట్ పేన్‌లో యాక్సిస్, పేన్ అని రెండు ట్యాబులు ఉంటాయి. మొదటిది గీత పక్కన ఉండే అంకెలకు, రెండోది మార్కుల (బార్లు, బిందువులు) మీది లేబుళ్లకు. ఒకదాంట్లో చేసిన మార్పు రెండోదానికి అంటదు. తెరుచుకునేది యాక్సిస్ ట్యాబే కాబట్టి చాలామంది అక్కడే పని ముగించేస్తారు.

నంబర్లను చూపించే విషయంలో టాబ్లో చాలా సమర్థమైన సాఫ్ట్‌వేర్. అయితే ఒకే మార్పును పలు చోట్ల చేసే వీలుండటంతో, ఏది ఎక్కడ చేయాలో తెలియకపోతే ఆ సామర్థ్యమే చిక్కు తెచ్చిపెడుతుంది.

ముందుగా చేయాల్సిన చోటు డేటా పేన్. ఎడమ పక్క ఫీల్డ్ పేరు మీద రైట్ క్లిక్ చేసి డీఫాల్ట్ ప్రాపర్టీస్, అందులో నంబర్ ఫార్మాట్ ఎంచుకోవాలి. ఇక్కడ పెట్టింది ఆ వర్క్‌బుక్‌లో ఆ ఫీల్డ్ వాడిన ప్రతి షీట్‌కూ వర్తిస్తుంది. యాక్సిస్, లేబుల్, టూల్‌టిప్ (మౌస్ పెడితే కనిపించే వివరం) మూడూ ఒక్క దెబ్బతో దారికొస్తాయి. షీట్ స్థాయిలో ఇంతకుముందే ఎవరైనా వేరే ఫార్మాట్ పెట్టి ఉంటే మాత్రం అదే గెలుస్తుంది. డీఫాల్ట్ మార్చినా ఒక షీట్ కదలకపోతే, అక్కడ పాత మార్పు దాగి ఉందని అర్థం. వర్క్‌షీట్ మెనూలో క్లియర్, ఫార్మాటింగ్ నొక్కితే అది పోతుంది, కానీ ఆ షీట్‌లోని మిగతా అలంకరణ కూడా దాంతోపాటే పోతుంది. ఇంకో మాట: కొత్తగా ఫార్ములాతో రాసిన క్యాలిక్యులేటెడ్ ఫీల్డ్ తన మూల ఫీల్డ్ ఫార్మాట్‌ను తీసుకోదు, ఆటోమేటిక్‌తో మొదలవుతుంది. ఫార్ములా రాసి ఓకే కొట్టిన వెంటనే దాని డీఫాల్ట్ ఫార్మాట్ పెట్టడం అలవాటు చేసుకుంటే తర్వాత పది షీట్లు తిరగక్కర్లేదు.

ఫాంట్లు, గీతలు వేరే సంగతి. 2016లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి వాటిని అన్ని షీట్లకూ ఒకేసారి మార్చడానికి ఫార్మాట్ మెనూలో వర్క్‌బుక్ అనే అంశం ఉంది. అక్కడ ఏది మారిస్తే దాని పక్కన బూడిద రంగు చుక్క కనిపిస్తుంది. ఫార్మాటింగ్ అంతటికీ ఇలాంటి చుక్క ఉంటే ఎంత బాగుండేదో.

పెద్ద అంకెలను కుదించడానికి నంబర్ కస్టమ్‌లో డిస్‌ప్లే యూనిట్స్ ఉంది. వేలు, మిలియన్లు, బిలియన్లలో ఒకటి ఎంచుకోవచ్చు. కోడ్ రాసుకునేవాళ్లకు ఎక్సెల్ పద్ధతే పనికొస్తుంది. సున్నా తర్వాత ఒక్కో కామా అంకెను వెయ్యితో భాగిస్తుంది. #,##0.0,, అని రాస్తే 4,832,615 కాస్తా 4.8 అవుతుంది. చిక్కు ఎక్కడంటే, అదే చార్టులో 48,000 విలువ ఉన్న బార్ ఉంటే దాని లేబుల్ 0.0 అని వస్తుంది. బార్ కొంచెం కనబడుతుంది, అంకె మాత్రం సున్నా అంటుంది. చూసేవాడు డేటా తప్పనుకుంటాడు.

దీనికి ఖాయంగా పనిచేసే ఉపాయం రెండు ఫీల్డులు. మొదటిది, మొత్తం 999,950 లేదా అంతకంటే ఎక్కువైతేనే విలువ ఇస్తుంది, లేకపోతే నల్, అంటే ఖాళీ. రెండోది దానికి సరిగ్గా తిరగేసినది. మొదటిదానికి రెండు కామాలతో, రెండోదానికి ఒక కామాతో ఫార్మాట్ పెట్టి రెండింటినీ లేబుల్ మీదకు లాగాలి. మిలియన్ దగ్గర కాకుండా 999,950 దగ్గర ఎందుకు విడగొట్టాలంటే, వేలల్లో ఒక దశాంశానికి సవరించినప్పుడు 999,950 అన్నది 1,000.0 వేలుగా కనిపిస్తుంది. ఆ వికారం రాకుండా దాన్ని ముందే మిలియన్ల వైపు పంపాలి. లేబుల్ కార్డులో టెక్స్ట్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి రెండు ఫీల్డులనూ ఒకే వరుసలో, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టాలి. ఏ మార్క్‌కైనా ఒకటి నల్ కాబట్టి కనిపించేది ఒక్కటే.

'మిలియన్', 'వేలు' లాంటి ప్రత్యయాన్ని ఆ టెక్స్ట్ ఎడిటర్‌లో టైప్ చేయకూడదు. అక్కడ టైప్ చేసింది స్థిరమైన అక్షరం. అంకె నల్ అయినా అది మిగిలిపోతుంది, ఖాళీ పక్కన ఒంటరిగా 'మిలియన్' అని వేలాడుతుంది. ప్రత్యయం ఎప్పుడూ నంబర్ ఫార్మాట్‌లోని సఫిక్స్ పెట్టెలోనే ఉండాలి.

పెరుగుదల, తగ్గుదల చూపడానికి కస్టమ్ కోడ్‌కు మించినది లేదు. ▲0.0%;▼0.0%;0.0% అని రాస్తే సెమికోలన్ల మధ్య మూడు భాగాలు: ధనం, రుణం, సున్నా. రెండో భాగం రాసిన క్షణం నుంచి మైనస్ గుర్తు మీ బాధ్యత. #,##0;#,##0 అని రాసి వదిలేస్తే నష్టం కూడా లాభంలాగే కనిపిస్తుంది. ఈ తప్పు డాష్‌బోర్డులో చాలాకాలం ఎవరి కంటా పడకుండా ఉండగలదు. ఇంకో సూక్ష్మం: 0.0004 అనే విలువ సున్నా కాదు కాబట్టి ధన భాగంలోకి వెళ్లి ▲0.0% అవుతుంది. పైకి బాణం, పక్కన సున్నా. ఫీల్డ్‌లోనే రౌండ్ ఫంక్షన్‌తో మూడు దశాంశాలకు సవరించేస్తే అది మూడో భాగంలోకి చేరుతుంది. ఆకుపచ్చ, ఎరుపు కావాలంటే మళ్లీ రెండు ఫీల్డుల ఉపాయమే: ధనానికి ఒకటి, రుణానికి ఒకటి, లేబుల్ ఎడిటర్‌లో దేని రంగు దానికి.

శాతాల విషయంలో పర్సెంటేజ్ ఫార్మాట్ విలువను 100తో గుణిస్తుందని గుర్తుంటే చాలు. డేటాలో 45 అని ఉంటే 4500% వస్తుంది. అలాంటప్పుడు నంబర్ కస్టమ్‌లో % గుర్తును సఫిక్స్‌గా పెట్టుకోవడమో, ఫీల్డ్‌ను 100తో భాగించడమో చేయాలి. రెండూ కలిపి చేస్తే మళ్లీ తప్పే.

లేబుళ్లు కొన్ని కనిపించి కొన్ని మాయమైతే కంగారు అక్కర్లేదు. ఒకదానిమీద ఒకటి పడతాయనుకున్నవాటిని టాబ్లో తనంతట తాను దాచేస్తుంది. లేబుల్ కార్డులో అడుగున ఉన్న అలౌ లేబుల్స్ టు ఓవర్‌ల్యాప్ అదర్ మార్క్స్ టిక్ చేస్తే అన్నీ వస్తాయి, గజిబిజి కూడా వస్తుంది. లైన్ చార్టుకు అంతకంటే మంచి పద్ధతి మార్క్స్ టు లేబుల్ కింద లైన్ ఎండ్స్ ఎంచుకుని చివరిది మాత్రమే చూపడం. ఏదైనా ఒక్క బిందువు తప్పనిసరి అయితే దాని మీద రైట్ క్లిక్ చేసి మార్క్ లేబుల్, ఆల్వేస్ షో పెట్టాలి. లేబుల్‌ను చేత్తో లాగి జరపడం కూడా కుదురుతుంది గానీ, ఫిల్టర్ మారి వేరే మార్కులు వచ్చినప్పుడు ఆ జరిపినది వాటికి వర్తించదు. రోజూ రిఫ్రెష్ అయ్యే నివేదికలో ఆ పని చేయకండి.

పొడవైన బార్ చివర లేబుల్‌కు చోటు సరిపోకపోతే చాలామంది ఎడిట్ యాక్సిస్‌లోకి వెళ్లి రేంజ్‌ను ఫిక్స్‌డ్ చేస్తారు. 0 నుంచి 5,000,000 అని బిగించాక వచ్చే నెల 6,000,000 వస్తే బార్ అంచు దగ్గర తెగిపోతుంది, హెచ్చరికేమీ రాదు. దానికి బదులు సేల్స్ మొత్తానికి విండో మ్యాక్స్ (చార్టులో ఉన్నవాటిలో గరిష్ఠ విలువ) తీసి 1.15తో గుణించే ఫీల్డ్ ఒకటి రాసి, మార్క్స్ కార్డులోని డీటెయిల్ మీద పెట్టి, దాంతో రిఫరెన్స్ లైన్ అనే అడ్డుగీత వేసి, గీతకూ లేబుల్‌కూ నన్ ఎంచుకోవాలి. కనిపించని ఆ గీతను కలుపుకోవడానికి ఆటోమేటిక్ యాక్సిస్ తనంతట తాను సాగుతుంది. లేబుల్‌కు ఎప్పుడూ 15 శాతం జాగా మిగులుతుంది.

డ్యూయల్ యాక్సిస్‌లో (ఒకే చార్టు మీద రెండు యాక్సిస్‌లు) ఆ రెండింటి కొలమానాన్ని ఒకటి చేసే సింక్రనైజ్ యాక్సిస్ బూడిద రంగులో ఉండి నొక్కడం కుదరకపోతే, ఒక ఫీల్డ్ పూర్ణాంకం, ఇంకొకటి దశాంశం అయ్యుంటుంది. డేటా టైప్ ఒకటే చేస్తే తెరుచుకుంటుంది.

నల్‌ల గురించి ఒక్క ముక్క: ఫార్మాట్‌లో పేన్ ట్యాబ్ అడుగున స్పెషల్ వాల్యూస్ ఉంది. అక్కడి డీఫాల్ట్ వాల్యూ ఎంపిక, లైన్ చార్టులో లేని నెలను సున్నాగా గీసేస్తుంది. డేటా అందకపోవడం, అమ్మకం జరగకపోవడం ఒకటి కావు. గీత తెగనివ్వండి.

మైక్రోసాఫ్ట్ వారి ఇలాంటి సాఫ్ట్‌వేర్ పవర్ బీఐతో పోలిస్తే? అక్కడ ఫార్మాట్ డేటా మోడల్‌లోనే, మెజర్ (ఫార్ములాతో లెక్కగట్టే విలువ) మీదే ఉంటుంది కాబట్టి పునాది గట్టిది. కానీ విజువల్‌లో డేటా లేబుల్స్ కింద డిస్‌ప్లే యూనిట్స్ ఆటోలో ఉంటే మోడల్‌లో పెట్టిన పూర్తి అంకె కుదించుకుపోతుంది. నన్ పెడితేనే మీ ఫార్మాట్ కనిపిస్తుంది. 2023లో మెజర్లకు డైనమిక్ ఫార్మాట్ స్ట్రింగ్స్ వచ్చాయి. విలువను బట్టి ఫార్మాట్ మారేలా అక్కడ ఒక్క ఫార్ములాతో చెప్పొచ్చు, పైన చెప్పిన రెండు ఫీల్డుల తంటా లేదు. ఈ ఒక్క విషయంలో టాబ్లో వెనకబడిందని ఒప్పుకోవాలి. ఎక్సెల్‌లో కోడ్‌లోనే షరతు రాయొచ్చు: [>=999950]0.0,,;0.0, అన్నది నేరుగా పనిచేస్తుంది. చార్టులో లింక్డ్ టు సోర్స్ టిక్ ఉన్నంతవరకు సెల్ ఫార్మాటే నడుస్తుంది.

మూడింట్లోనూ చేయకూడనిది ఒకటే: అంకెను టెక్స్ట్‌గా మార్చి అందంగా చూపించడం. టాబ్లోలో స్ట్రింగ్ ఫంక్షన్, పవర్ బీఐలో ఫార్మాట్ ఫంక్షన్ వాడితే బయటికొచ్చేది అక్షరాలు. సార్ట్ చేస్తే 20 కంటే ముందు 100 వస్తుంది, యాక్సిస్ మీదకు లాగితే అంకెగా నిలబడదు.

టాబ్లోలో సర్వర్‌కు పబ్లిష్ చేసే ముందు ఫాంట్ చూసుకోండి. మీ యంత్రంలో ఉన్న ఫాంట్ సర్వర్ మీద లేకపోతే వేరేది వచ్చి కూర్చుంటుంది. దాని వెడల్పు కాస్త ఎక్కువైనా, ఇక్కడ సరిగ్గా పట్టిన లేబుల్ అక్కడ మాయమవుతుంది.