వాచీ ఏ చేతికి మేలు? ఒక పుర్రచేతి మనిషి లెక్క

నరసాపురం రేవులో, బళ్లనీ మనుషుల్నీ గోదావరి దాటించే పంటు ఎక్కి సఖినేటిపల్లి వైపు దాటుతున్నంతసేపూ మనకి చేసే పని ఏమీ ఉండదు. బండికి స్టాండు వేసి, కమ్మీ పట్టుకున్న వాళ్ల చేతులు చూస్తూ నిలబడతాను. ఫోన్లు వచ్చాక వాచీలు తగ్గాయి గానీ, ఉన్నవి దాదాపు అన్నీ ఎడమ చేతికే. ఎప్పుడైనా కుడి చేతికి ఒకటి కనిపిస్తే, ఆ మనిషి టికెట్టు డబ్బులు ఏ చేత్తో తీస్తాడా అని గమనిస్తాను. నాది పుర్రచెయ్యి. ఆ పిచ్చి అందుకే.

ఎడమ చేతి వైపు వాదన గట్టిదే. కీ తిప్పే బొడిపె మూడో అంకె పక్కన ఉంటుంది. వాచీ ఎడమ మణికట్టుకి ఉంటే, విప్పకుండానే కుడి చేతి వేళ్లతో తిప్పొచ్చు. రాసేటప్పుడు బెల్టు కాగితానికి రాసుకోదు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మగవాళ్లు ఎక్కువగా జేబు వాచీలే వాడేవారు, చేతి వాచీ ఆడవాళ్ల నగ కింద లెక్క. కందకంలో తుపాకీ పట్టుకున్నవాడు జేబులో చెయ్యి పెట్టి టైము చూడలేడు కదా, 1914-18 మధ్య సైనికులతో అది మగవాళ్ల చేతికీ ఎక్కింది. పది మందిలో తొమ్మిది మంది కుడిచేతి వాటమే కాబట్టి బొడిపె వాళ్లకి వీలైన చోటే స్థిరపడింది.

మా నాన్నగారిది హెచ్ఎంటీ. పెళ్లిలో మా తాతగారు పెట్టింది. హెచ్ఎంటీ వాళ్లు జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టారు. ఆ తర్వాత చాలా ఏళ్లు మా వైపు అల్లుడంటే సైకిలు, రేడియో, వాచీ. నాన్నగారు ఎడమ వైపు చొక్కా చెయ్యి ఒక మడత ఎక్కువ పెట్టేవారు. ఎందుకో చెప్పక్కర్లేదు. పొద్దున్నే మొహం కడుక్కోగానే దానికి కీ ఇచ్చేవారు.

అది నా చేతికొచ్చాక తెలిసింది ఇబ్బంది. కుడి మణికట్టుకి పెట్టుకుంటే బొడిపె మోచేతి వైపు తిరుగుతుంది, ఎడమ చేత్తో తిప్పాలంటే చెయ్యి మెలిపెట్టాలి. రోజూ విప్పి, కీ ఇచ్చి, మళ్లీ పెట్టుకోవడమే. ఒక లాభం లేకపోలేదు: సైకిలు హ్యాండిల్ పట్టుకున్నప్పుడు బొడిపె చేతి వెనక భాగంలో గుచ్చుకోదు. కీ ఇవ్వక్కర్లేని వాచీకి బొడిపె ఎటున్నా ఒకటే. 1969లో వచ్చిన హోయర్ మొనాకో అనే వాచీకి దాన్ని ఎడమ పక్కనే పెట్టారు. ఆటోమేటిక్ కదా, చెయ్యి ఊగితే చాలు, అదే తిరుగుతుంది.

‘పని చెయ్యని చేతికి వాచీ పెట్టుకో’ అని అందరూ చెప్పే సలహా ఒకటుంది. ఈ గోదావరి జిల్లాల్లో పుర్రచేతివాళ్లకి అది కుదరదు. మాకు పని చెయ్యని చెయ్యంటూ లేదు. రాయడం, కొబ్బరికాయ కొట్టడం, వల విసరడం అన్నీ నాకు ఎడమ చేత్తోనే. కానీ అన్నం మాత్రం కుడి చేత్తోనే తినాలి. చిన్నప్పుడు మా నాయనమ్మ ఎడమ చెయ్యి కంచం మీదకి వెళ్తే గరిటె తిరగేసేది. ప్రసాదం పట్టడం, డబ్బులివ్వడం, తాంబూలం అందుకోవడం అన్నీ కుడిచేత్తోనే. వ్రతానికి తోరం కట్టేదీ, రాఖీ కట్టేదీ ఆ మణికట్టుకే.

అరిటాకులో అన్నం గుంట చేసి చేపల పులుసు పోయించుకుని, కలిపి ఎత్తితే అది అరచేతి దగ్గర ఆగుతుందా? మణికట్టు దాకా దిగుతుంది. తోలు బెల్టుకి పట్టిన చింతపండు పులుసు వాసన వారమైనా పోదు. కుడి చేతికి తోలు బెల్టు పెట్టుకునేవాళ్లని చూస్తే నాకు జాలి. అసలు మా వైపు ఉక్కకి, చెమటకి తోలు బెల్టే దండగ, స్టీలు చైను మేలు.

అలాగని ఎడమ చేతికి పెట్టుకుంటే పనిలో దెబ్బలు తింటుంది. రొయ్యల చెరువు మీద నాకు వాచీ లేకపోతే కుదరదు. మేత వేసిన రెండు గంటలకి చెక్ ట్రే, అంటే కొంచెం మేత పెట్టి చెరువులో దింపిన పళ్లెం, ఎత్తి, ఎంత మిగిలిందో చూసుకుని తర్వాతి పూట మేత సర్దుకోవాలి. తడి చేత్తో ఫోను తీయడం, అది చెరువులో పడుతుందేమోనన్న టెన్షన్, ఇవన్నీ ఎందుకు? ఎడమ చేతికి పెట్టుకున్న రెండో నెలలోనే చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ ఫ్రేముకి తగిలి అద్దం గీసుకుపోయింది. ‘వాటర్ రెసిస్టెంట్ 30 మీటర్లు’ అని వెనక రాసుందని మురిసిపోకండి. అది చేతులు కడుక్కునేటప్పుడు పడే చుక్కలకే, ముంచడానికి కాదు.

మూడో దారి డయలు లోపలికి తిప్పుకోవడం. ట్రే తాడు రెండు చేతులా లాగుతుంటే మణికట్టు లోపలి వైపే మన కళ్లకి ఎదురుగా ఉంటుంది. చెయ్యి తిప్పకుండానే టైము తెలుస్తుంది, అద్దానికి బయటి దెబ్బలు తగలవు. మోటారుసైకిల్ మీద మాత్రం ఇది పనికిరాదు. బల్ల మీద చెయ్యి ఆనించి రాసేవాళ్లకి అద్దం అరిగిపోతుంది. మా ఆవిడ బళ్లో టీచరు, ఆమె వాచీ ఎడమ చేతికే, కానీ డయలు లోపలికి. బయటికి ఉంటే గాజులు జారి అద్దం మీద గీతలు పెడతాయి. పూర్వం ఎడమ చేతి గాజులు తీసి వాచీ ఒక్కటే పెట్టుకుంటే ‘ఒక చెయ్యి బోసిగా ఏంటమ్మా’ అనేవారట మా అత్తగారు. ఇప్పుడు రెండూ ఉంటున్నాయి.

స్మార్ట్ వాచీలకి ఈ బాధ తక్కువ. యాపిల్ వాచీలో ఏ మణికట్టో, బొడిపె ఎటో సెట్టింగ్స్‌లో చెబితే తెర దానికి తగ్గట్టు తిరుగుతుంది. కాకపోతే పని చేసే చేతికి పెట్టుకుంటే అడుగుల లెక్క మీద నమ్మకం పెట్టుకోవద్దు. పడవలో కూర్చుని మేత చల్లిన రోజున నేను ఊరు చుట్టి వచ్చానని చూపించింది నాది.

నా తీర్పు ఇది. కుడిచేతి వాటం వాళ్లు ఎడమ చేతికే పెట్టుకోండి, ఆలోచించక్కర్లేదు. పుర్రచేతివాళ్లయితే కుడి చేతికి, స్టీలు చైనుతో పెట్టుకుని, విస్తరి ముందు కూర్చునేటప్పుడు విప్పి జేబులో వేసుకోండి. పులుసు కడిగితే పోతుంది, అద్దం మీద గీత పోదు. చెరువు మీదా, చేనులోనా డయలు లోపలికి. నాన్నగారి హెచ్ఎంటీ మాత్రం పండక్కీ పెళ్లికీ ఎడమ చేతికే పెట్టుకుంటాను. దాని బొడిపె అలవాటైన వైపు అదే, పైగా ఆ రోజు పనేమీ చెయ్యను.

కొత్త వాచీ కొనడానికి భీమవరం వెళ్తే, షాపులో కుర్రాడు అడక్కుండానే నా ఎడమ చెయ్యి లాక్కుని పెట్టబోయేవాడు. ఇప్పుడు లోపలికి అడుగుపెడుతూనే కుడి చెయ్యి చాపి నిలబడుతున్నాను.